తీగ మీది పాలపిట్ట

సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డుకు పొలాల దారిన నడిచిపోతాను, అదే దారిన తిరిగొస్తాను. దారి పొడుగునా పిట్టల్ని చూడటం నా అలవాటు. బావిగట్టు దగ్గరి కరెంటు తీగ మీద పొద్దున, సాయంత్రం ఒక పాలపిట్ట కూర్చుంటుంది. నన్ను చూసి ఏనాడూ ఎగిరిపోలేదు.

మనుషులే తప్పుకుంటారు. నా భర్త పోయినప్పటి నుంచి మా వాడకట్టు పెద్దమనిషి ఒకాయన, పొద్దున నేను ఎదురైతే చాలు, బండి వెనక్కి తిప్పుకుని ఇంట్లో మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరుతాడు. అన్ని నీళ్లు తాగి ఏం బాగుపడ్డాడో నాకైతే కనబడలేదు.

మొన్న దసరా సాయంత్రం షెడ్డుకు సెలవైనా పిట్టల కోసం అటే పోయాను. ఆయన మనవరాళ్లను వెంటబెట్టుకుని పాలపిట్ట కోసం వెతుకుతున్నాడు. పండుగనాడు అది కనిపిస్తే ఏడాదంతా శుభం కదా!

"చెల్లె, పాలపిట్ట యాడన్న కనవడ్డదా?" నా మొహం చూడకుండానే అడిగాడు.

"నాకు రోజూ కనవడ్తది అన్నా. గిప్పుడు గూడ నా ఎనుకనే తీగ మీదున్నది. చూడాలంటె ముందుగాల నా మొఖం చూడాలె."

దారి మధ్యలోంచి నేను అంగుళం కూడా జరగలేదు.