మిరపకాయ రాకముందు

నా చిన్నప్పుడు ప్రపంచ చరిత్ర అంటే నాకు సంవత్సరాల పట్టీ. ఫ్రెంచి విప్లవం ఎప్పుడు, వాటర్లూ యుద్ధం ఎప్పుడు, కాన్‌స్టాంటినోపుల్ ఎప్పుడు పడిపోయింది అని నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేదాన్ని. ఆ ఊరు ఎక్కడుందో, ఎవరి చేతిలో పడిపోయిందో మాత్రం తెలియదు. ముసురు పట్టినప్పుడు మా వీధిలో మట్టిమిద్దెలు కూలినట్టు అదీ కూలిపోయి ఉంటుందని చాలా రోజులు అనుకున్నాను.

మాది కోయిలకుంట్ల. మా నాయనకు బజారులో సరుకుల అంగడి ఉండేది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. అక్కడ ఆఫీసులు డేరాల్లో నడుస్తున్నాయని, వీధి నిండా కొత్త మనుషులేనని మా మేనత్త వచ్చినప్పుడల్లా చెప్పేది. ఆమె ఇంట్లో ఉండి పైక్లాసులు చదువుకుంటానని నేను ఒకటే గోల. ఎనిమిదో తరగతితో ఆడపిల్లకు చదువు చాలన్నది మా ఇంట్లో ఎవరూ నోరు తెరిచి చెప్పనక్కరలేని సంగతి. నా పోరు పడలేక మా నాయన ఒకరోజు మాట జారాడు. ఆ ఏడు బడిలో జరిగే ప్రపంచ చరిత్ర పోటీలో మొదటి స్థానం తెచ్చుకుంటే కర్నూలు పంపిస్తానన్నాడు. తహశీల్దారు గారి అబ్బాయి ఉండగా అది ఇంకెవరికీ రాదని ఆయన ధీమా.

ఆ పోటీ మా చరిత్ర అయ్యవారి సొంత సరదా. సర్కారు పరీక్షలకూ దానికీ సంబంధం లేదు. ఏటా పిల్లలను వరసగా నిలబెట్టి యాభై ప్రశ్నలు అడిగేవారు. తప్పు చెప్పినవాళ్ళు కూర్చోవాలి. ఆ ఏడు చివరిదాకా నిలబడింది ఇద్దరమే, ఆ అబ్బాయీ నేనూ. అయ్యవారు పొడుం డబ్బీ తీసి, ఒక పట్టు పట్టి, మా ఇద్దరినీ కాస్త అనుమానంగా చూశారు. "మీకు తారీకులు శానా బాగా వచ్చినాయి. చరిత్ర వచ్చినాదో లేదో చూద్దాం" అన్నారు. ఐదువందల ఏళ్ళ కిందట మన వంటిళ్ళలో లేనివి, ఇప్పుడు ఉన్నవి, ఐదు రాసుకొని ఎల్లుండి రమ్మన్నారు. పుస్తకం ముట్టుకోకూడదు. మనుషులను ఎవరినైనా అడగవచ్చు.

పుస్తకం ముట్టుకోకుండా చరిత్ర ఏమిటని నాకు ఏడుపొచ్చింది. మా నాయనను అడిగితే, అన్నీ ఎప్పటినుంచో ఉన్నవేనని అంగడి పనిలో పడిపోయాడు. పక్కింటి అక్కను అడిగితే, ఇంతమాత్రం దానికి బడికి పోవడమెందుకని నవ్వింది. ఒక పూటంతా అలా తిరిగి, కాగితం మీద ఒక్క ముక్క కూడా లేకుండా ఇంటికొచ్చి మూలన కూర్చున్నాను.

తెల్లవారితే మా తాతయ్య తద్దినం. మా అవ్వకు చదువు రాదు కాబట్టి తద్దినం సరుకుల పట్టీ ఏటా నేనే రాసేదాన్ని. ఆమె వంటింటి గడప మీద కూర్చుని చెబుతోంది. మిరియాలు, పెసరపప్పు, నువ్వుల నూనె, చామగడ్డలు, కందగడ్డ, అరటికాయలు. రాస్తూ రాస్తూ నా చెయ్యి ఆగిపోయింది. పట్టీలో మిరపకాయలు లేవు. కారం లేకుండా ముద్ద దిగని ఇల్లు మాది. అయినా ఆ ఒక్కరోజు వంటలో మిరపకాయ పడదు, పిల్లలం చప్పటి తిండి అని మొహాలు ముడుచుకునేవాళ్ళం. ఎందుకు వెయ్యరని అడగాలన్నది మూడేళ్ళుగా రాస్తున్నా నాకు తోచనే లేదు.

అడిగాను. మా అవ్వ తలెత్తకుండానే చెప్పింది. "మీ తాతల తాతలు మిరపకాయ మొగం సూసినోళ్ళు కాదు. ఎరగంది పెడితే వాళ్ళు యాడ తింటారు?"

నీకెట్లా తెలుసంటే వాళ్ళ అత్త చెప్పిందట, ఆ అత్తకు ఆమె అత్త చెప్పిందట. ఇక నేను వంటింట్లో కనిపించినదల్లా పట్టుకుని అడగడం మొదలుపెట్టాను. మా వైపు ఉర్లగడ్డ అనే బంగాళాదుంప? పనికిరాదంది. టమోటా? పనికిరాదు. చెనిక్కాయలు, అంటే వేరుశెనగ? అవీ అంతే, ఆ రోజుకు నువ్వులే వాడాలంది. నాలుగు దొరికాయి. మునక్కాయ చూపించాను. అదీ పెట్టకూడదంది. ఐదూ దొరికాయన్న సంబరంలో కాగితం మడిచి దాచుకుని, చెప్పిన రోజున బడికి పరుగెత్తాను.

తహశీల్దారు గారి అబ్బాయి కాఫీ, టీ, బిస్కత్తు, క్యాబేజీ, ఉర్లగడ్డ అని చదివాడు. అన్నీ ఒప్పేనన్నారు అయ్యవారు. నేను మిరపకాయ అనగానే తరగతి గొల్లుమంది. "మిరపకాయ లేకుంటే మన సీమోళ్ళు బతికేటోళ్ళా అయ్యవారూ?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అరిచారు. ఊరి చుట్టూ చెనిక్కాయ చేలే, అది కూడా కొత్తదనేసరికి ఇంకా నవ్వారు. అయ్యవారు నవ్వలేదు. మిరపకాయ, చెనిక్కాయ, ఉర్లగడ్డ, టమోటా, ఈ నాలుగూ పడమటి సముద్రం అవతల అమెరికా ఖండంలో పుట్టినవేనని, తెల్లవాళ్ళ ఓడలెక్కి మన దేశానికి వచ్చాయని, మిరపకాయను పోర్చుగీసువాళ్ళు తెచ్చారని చెప్పారు. అది విని అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది నేనే. నేను రాసుకొచ్చిన మాట అంత దూరం నుంచి వచ్చిందని నాకేం తెలుసు?

మునక్కాయ దగ్గర ఆయన తల అడ్డంగా ఊపారు. అది ఈ నేలదే, ఎన్నో వేల ఏళ్ళుగా ఇక్కడ ఉన్నదే. మొదటి స్థానం ఆ అబ్బాయికి పోయింది. ఒక్క మునక్కాయతో నా కర్నూలు పోయింది. మధ్యాహ్నమంతా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ సాయంత్రం అయ్యవారు మా ఇంటికి వచ్చారు. అదే మొదటిసారి రావడం. మా నాయన కంగారుగా కుర్చీ వేశాడు. అయ్యవారు కూర్చోకుండా, మీ అవ్వను పిలువమ్మా అన్నారు. తద్దినానికి ఏవి పెడతారో, ఏవి పెట్టరో ఆమెను ఒక్కొక్కటే అడిగి కాగితం మీద రాసుకున్నారు. మిరపకాయ ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు చెప్పారు. మా అవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకుని విన్నది. విని, తను ఒక ప్రశ్న వేసింది.

"అయితే అయ్యవారూ, మిరపకాయ రాకముందు మనోళ్ళు సంగటిలేకి ఏం నంజుకున్యారు?"

అయ్యవారు పొడుం డబ్బీ తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. "ఉండేటోళ్ళు మిరియాలు తిన్యారు. కూలినాలి చేసుకునేటోళ్ళు ఏం తిన్యారో నాకు తెలీదమ్మా" అన్నారు.

"పుస్తకాల్లో లేదా?"

"నేను చదివిన వాటిల్లో లేదు."

మా నాయన నోరు తెరుచుకుని చూశాడు. అయ్యవారి నోట తెలియదన్న మాట వస్తుందని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. మా అవ్వ మటుకు కొడుకు వైపు తిరిగింది. "ఏమప్పా, ఇంత సదువుకున్నాయనకే తెలీనిది ఉండాదంట. పిల్లను కర్నూలికి పంపు. కనుక్కొనొచ్చి నాకు చెప్తాది."

"అది ఓడిపోయింది గదమ్మా" అన్నాడు మా నాయన నీరసంగా.

"మునక్కాయ పెట్టగూడదన్యా గానీ కొత్తదని నేను యాడన్యా? పిల్ల ఎందుకని అడగల్యా, నేను చెప్పల్యా. సగం తప్పు నాది" అంది మా అవ్వ. జూన్‌లో మా నాయన నన్ను కర్నూలు బస్సెక్కించాడు.

సెలవులకు వచ్చిన ప్రతిసారీ మా అవ్వ మొదటి మాట "కనుక్కొన్యావా?" అనే. ఇంకా లేదవ్వా అంటే, సరేలే, బాగా చదువు అనేది. నేను కాలేజీలో ఉండగానే ఆమె పోయింది. తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా చరిత్ర పాఠాలు చెప్పాను. ఏ రాజ్యం గురించి చదివినా యుద్ధం పేజీలు గబగబా తిప్పేసి, ఆ పూట కూలివాళ్ళు ఏం తిన్నారో రాశారేమోనని చూడటం నాకు అలవాటైపోయింది. ఎక్కడా సరిగా రాయరు. ఎవరైనా ఒక మాట చెబితే, ఎందుకని అడగకుండా వదిలిపెట్టడం కూడా ఆ మునక్కాయతోనే మానేశాను.

మా అవ్వ ప్రశ్నకు సగం జవాబే దొరికింది. కూలివాళ్ళు సంగటిలోకి ఏం నంజుకున్నారన్న మిగతా సగం కోసం కనిపించిన ముసలివాళ్ళనల్లా అడుగుతూనే ఉన్నాను. ఈమధ్య నాకన్నా ముసలివాళ్ళు దొరకడమే కష్టంగా ఉంది.