పాప పొట్టలో బ్యాటరీ

ఆ రోజు పోర్ట్ బ్లెయిర్ జెట్టీలో విశాఖ ఓడ కోసం వరుసలో నిలబడ్డాను. నా ముందు ఒక జాలరి తల్లి, ఆమె చెయ్యి పట్టుకుని ఆరేళ్ల పాప.

"ఆపరేషన్ పిల్ల భయ్యా, ఆ మిషన్ ఎట్టకు" అని తల్లి చెబుతూనే ఉంది. గార్డు వినలేదు. మెటల్ డిటెక్టర్ పాప పొట్ట దగ్గర కుయ్యిమంది.

"పుట్టుకతో గుండెకి చిల్లు. అది మూసినాక కొట్టుకోడం తగ్గిపోనాది. అందుకే పొట్టలో బ్యాటరీ ఎట్టి గుండెకి తీగలేసారు."

"బ్యాటరీ ఏదైనా బయటికి తీసి చూపించాలి దీదీ. రూల్" అన్నాడతను పరాగ్గా.

"తీస్తాను! మరి దీని గుండె నువ్వు కొట్టిస్తావేటి?"

హాలంతా ఆమె గొంతే. గార్డు పక్కకు జరిగాడు.

ఓడెక్కాక కూడా ఆమె గొణుగుతూనే ఉంది. "అతనికి తెలీదులేమ్మా" అన్నాను.

"ఆడి మీద కాదు నా కోపం. ఈ బ్యాటరీ పరీక్షకి పిల్లనేసుకుని ప్రతిసారీ సముద్రం దాటాల. బ్యాటరీ ఎందుకని అందరూ అడుగుతారు. దాన్ని చూసీ డాక్టరు ఇక్కడెందుకు లేడని ఒక్కడూ అడగడేం?"

ఓడ కూసింది. ఆమె ఉలిక్కిపడి పాప పొట్ట మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

ఇప్పటికీ జెట్టీలో ఓడ కూత వింటే ఆమె ప్రశ్న గుర్తొచ్చి నాకు ఒళ్లు మండుతుంది.