పురిటికొచ్చిన కూతురు ఎవరి లెక్క

నా పేరు దేవదాసు. రాయ్‌పూర్ స్టేషన్లో టికెట్లిచ్చి రిటైరయ్యాను. కౌంటరు అద్దం వెనక కూర్చున్నన్నాళ్ళూ జనం నాకు భయపడేవారు. ఇంటికొచ్చాక మా ఆవిడ రెబెకాకి నేను భయపడేవాణ్ణి. ఆమె నర్సు. నాకు తలనొప్పి మాత్ర ఏదో కూడా తెలీదు. అలాంటి నాకు ఓ మెడికల్ కాలేజీవాళ్ళు సెప్సిస్ సర్వేలో పనిచ్చారు. నా వైద్యజ్ఞానం చూసి కాదు, తెలుగువాళ్ళ ఇళ్ళలో తెలుగు మాట్లాడతానని.

సెప్సిస్ అంటే ఎక్కడో పట్టిన ఇన్ఫెక్షన్‌ని ఎదుర్కోబోయి ఒళ్ళు తన అవయవాలనే దెబ్బతీసుకోవడం. ఆస్పత్రికి చేరినవాళ్ళ సంఖ్య దొరుకుతుంది గాని, మొత్తం జనంలో ఎంతమందికి వస్తోందో తెలియాలంటే ఇంటింటికీ వెళ్ళి అడగాల్సిందే. ఆ ఇంట్లో వండింది తింటున్న ప్రతి మనిషినీ ఆ ఇంటి లెక్కలో వెయ్యాలన్నది నియమం. శిక్షణలో దాన్ని అందరికంటే ముందు నేనే అప్పజెప్పాను. కూతురు రేచల్ పురిటికొచ్చి, బిడ్డ పుట్టాక పెద్ద జ్వరంతో ఆస్పత్రిలో పడి, అప్పుడప్పుడే ఇంట్లో తేరుకుంటోంది. భోజనాల దగ్గర ఆమెకీ అప్పజెప్పి విసిగించాను.

ఒకరోజు రాయ్‌పూర్ దగ్గరి తిల్దాలో రైసుమిల్లు వెనక అన్నమ్మగారింటికి వెళ్ళాను. మా వైపువాళ్ళే కావడంతో కూర్చోబెట్టి టీ ఇచ్చారు.

"ఇంట్లో ఎవరికైనా జ్వరంతో ఆయాసం గాని, మాట తేడాగా రావడం గాని, చేతులు చల్లబడ్డం గాని ఉన్నాయా, ఈమధ్య వచ్చి తగ్గాయా అమ్మా?"

"మా ఇంట్లో ఎవరికీ లేదన్నయ్యగారూ, సబ్ ఠీక్. పురిటికొచ్చిన మా అమ్మాయికి కొంచెం బుఖార్ ఉంది గానీ, అది బీర్‌గావ్ వాళ్ళ మనిషి కదా."

"అవును మరి," అన్నాను. పెళ్ళి చేసి పంపిన పిల్లని పుట్టింటి లెక్కలో ఎవరైనా వేస్తారా? హాయిగా సున్నా వేశాను. బీర్‌గావ్‌లో అత్తగారిని అడిగితే కోడలు ఇక్కడ లేదంటుందని నా బుర్రకి తట్టలేదు. అప్పజెప్పిన నియమం మాత్రం నాలిక మీదే ఉంది.

పసిబిడ్డ చేతిలో ఏదో ఒకటి పెట్టకుండా లేస్తే బాగుండదని లోపలికి వెళ్ళాను. వాళ్ళమ్మాయి అమూల్య మంచం మీద రొప్పుతోంది. నన్ను చూసి, "రాజేష్, ఎప్పుడొచ్చావు?" అంది. రాజేష్ ఆమె భర్త. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. పొద్దుట్నించీ నేను గుమ్మం గుమ్మానికీ చదువుతున్న లక్షణాలన్నీ ఆ మంచం మీదే ఉన్నాయి.

రెబెకాకి ఫోన్ చేసి, ఈ అమ్మాయి ఏ ఇంటి కిందికి వస్తుందో తెలియడం లేదని మొదలుపెట్టాను.

"ఆ పిల్ల ఎవరింటి మనిషో తర్వాత చూద్దురు గాని. ముందు బండెక్కించండి. నేను ఆస్పత్రి దగ్గరుంటాను," అంది.

బండెక్కించాం. అమూల్య బతికింది. ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు అన్నారు. నేను వెళ్ళి అన్నమ్మగారింటి సున్నా కొట్టేసి ఒకటి వేశాను.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక, అన్నం తింటూ ఇదంతా కాస్త ఛాతీ విరుచుకునే చెప్పాను. అన్నమ్మగారికి లోకజ్ఞానం లేదని, కన్నకూతుర్ని లెక్కలో చెప్పకపోవడమేమిటని విసుక్కున్నాను కూడా. రెబెకా చారు వడ్డించింది. బిడ్డని ఒళ్ళో వేసుకున్న రేచల్ తలెత్తింది.

"మొన్న మన వీధి సర్వేకి మీ టీములో ఈశ్వర్ వచ్చి అడిగితే, మా ఇంట్లో ఎవరికీ లేదన్నావు నాన్నా. నేను లోపలే ఉన్నాను."

ఆమెకి సెప్సిస్ అని డాక్టర్లంటే ఐసీయూ బయట కూర్చుని ఏడ్చినవాణ్ణి నేనే. ఎంగిలి చేత్తోనే ఫోన్ తీసి ఈశ్వర్‌కి చేశాను.

"మా ఇంట్లో ఒకరున్నారు బాబూ. రాసుకో."

"ఎవరంకుల్?"

"మా రేచల్. ఇక్కడే ఉంది."