'కొంచెం కష్టం' అన్న మాటకు అర్థం

ఫింటాస్‌లో ఆ జపాను దంపతుల ఫ్లాటులో పనికి చేరేనాటికి నాకు కువైత్ కొత్త కాదు. అంతకుముందు ఒక అరబ్బు ఇంట్లో చేశాను. అక్కడ మామా, అంటే ఇంటి యజమానురాలు, పై అంతస్తు నుంచి కేకేస్తే నేను కింది నుంచి కేకేసి బదులు చెప్పేదాన్ని. ఈ ఇంట్లో ఎవరి గొంతూ లేవదు. ఆయన ఇంజినీరు, ఆమె ఇంట్లోనే ఉండేది. పిల్లలు లేరు. మా మధ్య నడిచేది వచ్చీరాని ఇంగ్లీషు. అందుకే వాళ్ల మాటలను నా తెలుగులోకి తెచ్చి రాస్తున్నాను.

మొదటిరోజు గుమ్మంలో చెప్పులు విప్పి లోపలికి పోయాను. మా ఇళ్లలోనూ అదే అలవాటు గనక అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ వాళ్లకు ఇంట్లో తిరగడానికి మెత్తటి చెప్పులు వేరే, బాత్రూములోకి ఇంకో జత వేరే. ఇంటి చెప్పులు బాత్రూము తలుపు బయట విడిచి, లోపలున్న జత తొడుక్కోవాలి. తెలియక నేను బాత్రూము జతతోనే వంటింట్లోకి నడిచాను. ఆమె ఒక్క మాట అనలేదు. నేను చూస్తుండగానే బట్ట తడిపి వంటింటి నేలంతా తనే తుడుచుకుంది. నేను చేసిందేమిటో తెలుసుకోవడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది.

వద్దు అన్న మాట ఆ ఇంట్లో నేను వినలేదు. ఒకసారి చింతపండు పులుసు చేయనా అని అడిగితే ఆమె పళ్ల సందున గాలి పీల్చి, తల పక్కకు వంచి, "చొత్తో..." అని ఆపేసింది. ఆ మాటకు 'కొంచెం' అని అర్థమని ఆమే నాకు చెప్పి ఉంది. కొంచెమే చాలంటోంది గాబోలని చిన్న గిన్నెలో కాచాను. భార్యాభర్తలిద్దరూ కళ్లలో నీళ్లు తిరుగుతున్నా చుక్క మిగల్చకుండా తాగారు. వాళ్లకు నచ్చిందనుకున్నాను.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఒక తెల్లవారుజామున విమానాల మోతకు లేచాం. ఎండెక్కేసరికి సముద్రం పక్క రోడ్డు మీద ఇరాక్ టాంకులు నిలబడి ఉన్నాయి. ఆ వారంలోనే వీధిలో రొట్టె దొరకడం గగనమైంది. ఇండియా వాళ్లని తెలిస్తే సైనికులు పోనిచ్చేవారు. అమెరికా, యూరపు, జపాను వాళ్లను మాత్రం ఇళ్లలో వెతికి బాగ్దాదుకు తరలిస్తున్నారని రేడియో చెప్పింది. మా కింది అంతస్తులో ఉన్న ఇంగ్లీషాయనను ఒక ఉదయం జీపులో ఎక్కించుకుపోయారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో పరదాలు తెరవలేదు. ఏసీ వేస్తే మనుషులున్నారని తెలుస్తుందని అదీ ఆపేశారు. ఆ ఉడుకులో ఇద్దరూ గోడకానుకుని కూర్చునేవారు.

పక్కనే ఉన్న అబూ హలీఫాలో నేను అన్నా అని పిలిచే కోనసీమ మనిషి ఒకాయన ఉండేవాడు. దజీజ్ గోడౌన్ల నుంచి వ్యానులో సరుకు తోలేవాడు. సెలవు దొరికితే ఆయన, ఆయన భార్య ఉండే ఇంటికే నేను పోయేదాన్ని. ఆ ఇంటికి వీళ్లను తీసుకుపోవచ్చని నాకు తోచింది.

"సార్, అక్కడ బిల్డింగంతా ఇండియా వాళ్లమే. మిమ్మల్ని ఎవరూ వెతకరు. వస్తారా?" అని అడిగాను.

ఆయన కూర్చున్నచోటనే నడుము వంచాడు. "మీ మంచి మనసుకు కృతజ్ఞతలు. కానీ, కొంచెం కష్టం."

నేను మరునాడు పొద్దున్నే అబూ హలీఫాకు నడిచాను.

"ఏమన్నాడమ్మా మీ సారు?" అన్నాడు అన్న.

"కొంచెం కష్టమన్నాడన్నా."

"ఆయ్, కష్టవే. సైన్యం ఆపేచోటు దాటాలి కదా మరి. రేపు మజ్జాన్నం వత్తాను. సద్దుకుని ఉండమను."

ఆ మాట ఇంటికొచ్చి చెప్పాను. భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మళ్లీ కృతజ్ఞతలు చెప్పారు. నేను ఖాయమైందనుకున్నాను.

అన్న వచ్చాడు. దారిలో సైనికులు వ్యాను ఆపి, అట్టపెట్టెలన్నీ కిందికి దింపించి, తుపాకీ మడమతో భుజం మీద పొడిచారట. ఆ భుజం పట్టుకుని హాల్లో నిలబడ్డాడు. చూస్తే ఇంట్లో ఒక్క సంచీ సర్ది లేదు. సారు వంగి వంగి, "మీకు చాలా శ్రమ కలిగించాను, క్షమించండి" అంటున్నాడు.

"చెల్లెమ్మా, ఈయన వత్తాడా రాడా? ముందు అది కనుక్కో."

"సార్, వస్తారా, రారా?"

ఆయన నేలకేసి చూశాడు. "చాలా కష్టం."

ఆమె కళ్లు మూసుకుంది. అప్పుడు తెలిసింది నాకు, మొన్న చెప్పిందీ రాననే, ఇప్పుడు చెప్తున్నదీ రాననే. ఆ పులుసు కూడా వద్దనే చెప్పింది.

"రాడంటన్నా" అన్నానో లేదో, మెట్ల మీద బూట్ల చప్పుడు వినబడింది. కింది అంతస్తులో తలుపులు బాదుతున్నారు.

దంపతులిద్దరినీ బాత్రూములోకి తోసి, ఎండిన తొట్టిలో కూర్చోమని తెర లాగాను. గుమ్మంలోని వాళ్ల బూట్లు అలమరలో పడేశాను. ఆ పరుగులో నా కాళ్ల చెప్పులు ఎక్కడ జారిపోయాయో తెలియదు. తలుపు తీస్తే ముగ్గురు సైనికులు మట్టి బూట్లతో నేరుగా హాల్లోకి వచ్చారు.

"ఇంటివాళ్లెక్కడ?"

"సఫర్" అన్నాను, ఊరికి పోయారని.

"వీడెవడు?"

"మా అన్న."

అప్పుడు చూశాను. బాత్రూము తలుపు ముందు రెండు జతల ఇంటి చెప్పులు, స్కేలు పెట్టి గీసినట్టు పక్కపక్కన, ముక్కులు హాలు వైపు తిప్పి ఉన్నాయి. ప్రాణం మీదికి వచ్చిన వేళ కూడా ఆ ఇద్దరూ అక్కడ ఆగి, చెప్పులు విడిచి, సరిగా పెట్టి లోపలికి పోయారు.

గదులు చూపిస్తున్నట్టు నడుచుకుంటూ పోయి ఒక జతలో కాళ్లు పెట్టాను. అన్న నా కాళ్లకేసి చూసి నా పక్కకు వచ్చి రెండో జత తొడుక్కున్నాడు. ఆ చెప్పు ఆయన పాదంలో సగానికే వచ్చింది. మడమలు నేలమీదే ఉన్నాయి. ఒక సైనికుడు చెయ్యి చాచి బాత్రూము తలుపు పిడి పట్టుకున్నాడు.

"మాకూ మాయ్" అన్నాను. నీళ్లు లేవని. కొంగుతో ముక్కు మూసుకున్నాను.

అతను ముఖం చిట్లించి పిడి వదిలేశాడు. టేప్ రికార్డరు, ఫ్యాను, వంటింట్లోని చేపల డబ్బాలు మోసుకుని ముగ్గురూ వెళ్లిపోయారు. చప్పుడు వీధిలోకి దిగేదాకా మేమిద్దరం ఆ చెప్పుల్లోనే కదలకుండా నిలబడ్డాం.

బయటికొచ్చి సారు అన్న ముందు మోకాళ్ల మీద కూర్చుని నుదురు నేలకు ఆనించాడు. అన్న బెదిరిపోయి ఆయన రెండు భుజాలూ పట్టి లేపాడు. ఆ భార్యాభర్తలు ఒకరినొకరు తాకడం కూడా నేను ఎప్పుడూ చూడలేదు. సారు ఒళ్లు బిగుసుకుంది గానీ చేతులు విదిలించుకోలేదు.

"మమ్మల్ని దాచారని తెలిస్తే మిమ్మల్ని చంపేస్తారు. రాలేనని ముఖం మీద చెప్తే మీ మనసు నొచ్చుకుంటుంది. అందుకని కష్టం అన్నాను" అన్నాడు సారు.

అది నేను తెలుగులో చెప్తే అన్న తల అడ్డంగా ఊపాడు. "మా ఊళ్లో కష్టం అంటే ఇంకో మనిషి చెయ్యెయ్యాలని అర్థవండి. ఆ మాటినే కదా వచ్చేను. ఇప్పుడెక్కడికెల్తారో అదన్నా సరీగ్గా చెప్పమను."

ఈసారి ఆయన చుట్టు తిప్పకుండా చెప్పాడు. "మా ఎంబసీకి. మా వాళ్లంతా అక్కడే ఉన్నారు. తీసుకుపోగలరా?"

"యల్లా, ఎల్దాం. ఇప్పుడే ఈ బిల్డింగు చూసెల్లేరు, మళ్లీ ఇయ్యేళకి రారు."

ఆమె మాత్రం కదల్లేదు. సైనికుల బూట్ల మట్టిని తుడిచి, తాగిన గ్లాసులు కడిగి బోర్లించి, అప్పుడు వచ్చింది. అన్న గుమ్మంలో నిలబడి తొందరపడుతూనే ఉన్నాడు. వ్యానులో ఇద్దరినీ పడుకోబెట్టి పైన గోనెసంచులు, వాటిపైన ఖాళీ పెట్టెలు పేర్చాం. నేను ముందు కూర్చున్నాను. సైనికులు మళ్లీ ఆపారు. అన్న నవ్వుతూ సిగరెట్టు పెట్టె మొత్తం ఇచ్చేశాడు. వాళ్లు వెనక తలుపు తెరిచి, పై పెట్టె ఒకటి తట్టి, పొమ్మన్నారు.

ఎంబసీ వీధిలో వాళ్లను దింపాం. సారు పోయి గేటు కొట్టాడు. తలుపు తెరుచుకుంది. ఆమె లోపలికి పోకుండా రోడ్డు మీదే మా వైపు తిరిగి, నడుము వంచి నిలబడింది. వీధి చివర సైనికుల లారీ ఒకటి ఉంది.

"లోపలికి పొమ్మని చెప్పవే తల్లీ, ఎవరన్నా చూత్తారు."

"మనం కనిపించినంతసేపూ ఆమె పోదన్నా. ఇంటికి ఎవరొచ్చినా అట్లనే సాగనంపుతాది. నువ్వు బిరబిరా మలుపు తిప్పు."

అన్న మా దారి కాకపోయినా మొదటి సందులోకి వ్యాను తిప్పేశాడు. తిరిగేముందు వెనక్కి చూశాను. ఆమె వంగే ఉంది. సందులో ఆగి గేటు మూసిన చప్పుడు విన్నాకే మళ్లీ కదిలాం.

కొన్నాళ్లకు అన్న, ఆయన భార్య, నేను బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరి, ఎడారి గుడారాల్లో ఉండి, విమానంలో బొంబాయి దిగాం. ఎంబసీలో ఉన్న జపాను వాళ్లను కూడా బాగ్దాదుకు తీసుకుపోయారని ఆ గుడారాల్లోనే విన్నాను. అది విన్నాక, బలవంతంగానైనా అబూ హలీఫాకు తీసుకుపోయి ఉండాల్సిందేమోనని చాలా రోజులు నిద్ర పట్టలేదు. చలికాలంలో బందీలందరినీ వదిలేశారని మా ఊరు రాయచోటిలో ఉండగా రేడియోలో చెప్పారు. అందులో నా వాళ్లున్నారో లేదో చెప్పడానికి ఎవరూ లేరు.

యుద్ధం ముగిశాక మళ్లీ కువైత్ వచ్చి ఇంకో జపాను ఇంట్లో చేరాను. ఆ ఇంటామెను అడిగితే వాళ్లను ఎరుగుదునంది. సారును ఇరాక్‌లో ఒక ఫ్యాక్టరీ దగ్గర నిర్బంధించారట. ఆమెను ముందు వదిలేశారట. తర్వాత ఇద్దరూ తమ దేశం చేరుకున్నారట.

"మళ్లీ ఇక్కడికి వస్తారా మేడమ్?" అన్నాను.

ఆమె తల పక్కకు వంచి గాలి పీల్చింది. ఇక నేను అడగలేదు.