ఇరవై ఆరేళ్ళ రాజశేఖరం

కంప్యూటరు గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళే కాలం అది. చిత్తూరు దగ్గర ఒక ప్రైవేటు చక్కెర మిల్లులో నా మొదటి ఉద్యోగం. పొద్దున్నే పాకాలలో రైలెక్కి, కిటికీ పక్కన కూర్చుని, కళ్ళు తెరిచే ఉంచి కలలు కంటూ వెళ్ళేదాన్ని. (దిగాల్సిన స్టేషను దాటిపోయిన రోజులూ ఉన్నాయి. నాయనకు ఏనాడూ చెప్పలేదు.) ఏ రైతు ఎప్పుడు చెరకు నరికి తోలాలో చెప్పే చీటీని కటింగ్ ఆర్డరు అంటారు. అంతవరకూ గుమాస్తాలు చేత్తో రాస్తూ వచ్చిన ఆ ఆర్డర్లను ఇకమీదట కంప్యూటరు అచ్చేయాలి. మా మేనేజరు మాట్లాడితే ఉరిమినట్టుండేది కనుక మాకు ఆయన ఉరుములాయన. ఒక్క ఆర్డరు తప్పుగా పోయినా ఆ కంప్యూటరు పెట్టెను తిరిగి మద్రాసుకు, నన్ను పాకాలకు పంపేస్తానని మొదటి రోజే చెప్పాడు. ఉద్యోగం ఊడితే చింతపండు మండీ ఉన్న మా బావకిచ్చి చేసేస్తానని నాయన అప్పటికే తీర్మానించి ఉన్నాడు.

ప్రోగ్రాము రాసిన మద్రాసాయన దాన్ని పరీక్షించే పని నాకు అప్పగించి, నిజం రైతుల వివరాలు మాత్రం ముట్టుకోవద్దన్నాడు. వాళ్ళ పొలమూ పుట్రా మనకు ఆటవస్తువులు కావు, ఉత్తుత్తి మనుషుల్ని పెట్టుకోమన్నాడు. ఉత్తుత్తి మనిషిని పుట్టించమంటే ఆ వయసు పిల్ల ఎవరిని పుట్టిస్తుంది? రాజశేఖరాన్ని పుట్టించాను. ఊరు చంద్రగిరి, కోట కనబడేంత దూరంలో చెరకు తోట, వయసు ఇరవై ఆరు. (గిరజాల జుట్టు రాయడానికి ప్రోగ్రాములో చోటు లేదు, ఉంటే రాసేదాన్నే.) లేని తేదీలు ఇచ్చినా, ఎకరాల దగ్గర అక్షరాలు కొట్టినా, పాపం అన్నీ ఓర్చుకున్నాడు. సాయంత్రం రైల్లో నాతోపాటు పాకాల దాకా వచ్చేవాడు కూడా. పరీక్షలయ్యాక తక్కిన ఉత్తుత్తి వాళ్ళందరినీ తీసేసి, వాళ్ళ చోట ఫ్లాపీలోని నిజం రైతుల వివరాలు ఎక్కించాను. రాజశేఖరాన్ని మాత్రం తీసేయడానికి చెయ్యి రాలేదు. రేపు తీద్దాంలే అనుకుని మర్చిపోయాను.

కొన్నాళ్ళకు ఉరుములాయన నన్ను పిలిపించాడు. ఆయన బల్ల ముందు తెల్లమీసాల పెద్దాయన ఒకరు నిలబడి ఉన్నారు, చేతిలో మా ఆర్డరు. చంద్రగిరిలో ఆ పేరున్నది ఈయనొక్కరేనని మా బంట్రోతు ఇచ్చి వచ్చాడట. నరికే కూలీలూ బండ్లూ ఇంటి ముందుకొచ్చి నిలబడితే, ఆయన భార్య అందరికీ సంగటి పెట్టి పంపిందట. ఆయనకున్నది మామిడి తోట.

"చెరుకే లేనాయనకి ఆర్డరు ఎట్లా పాయెనమ్మా?" అన్నాడు ఉరుములాయన.

కళ్ళ ముందు చింతపండు మూటలు కదిలాయి. పెద్దాయన నా వంక కాసేపు చూసి, నింపాదిగా అందుకున్నారు.

"పాపను ఏమీ అనొద్దు సామీ. వచ్చే ఏడు చెరుకు పెడతానని మీ ఫీల్డాయనతో నేనే చెప్పినాను. మీ మిషను రవంత ముందుగా రాసేసుకుండాది, అంతే."

ఉరుములాయన ఆ రోజు ఉరమలేదు. నేను గేటు దాకా పరుగెత్తి, నాకోసం ఎందుకు అబద్ధమాడారని పెద్దాయన్ని అడిగాను. ఆయన ఆర్డరు విప్పి, వయసు దగ్గర వేలు పెట్టారు.

"ఇరవై ఆరని రాసినారు గదమ్మా. అది సదివినప్పట్నుంచీ మా ఇంటామె నవ్వతానే ఉండాది. ఆమె అట్లా నవ్వి ఎన్నాళ్ళయిందో."

మరుసటి ఏడు ఆయన మామిడి పక్కన నిజంగానే ఒక మడి చెరకు పెట్టారు. వివరాలు నేనే ఎక్కించాను, వయసుతో సహా అన్నీ సరిగ్గా. పాత రాజశేఖరాన్ని ఆ రోజే తీసేశాను. ఆ సాయంత్రం రైల్లో నా పక్క సీటు ఖాళీగా అనిపించి ఏడుపొచ్చింది.

చింతపండు బావనే తర్వాత ఇష్టపడి చేసుకున్నాను. మంచివాడు. ఇప్పుడు నాకు ఆ పెద్దాయన వయసు. తిరుపతి నుంచి వస్తూ రైలు చంద్రగిరి దాటుతుంటే కోట వైపు చూస్తాను. గిరజాల జుట్టు ఎక్కడా కనబడదు. "యాడ సూస్తా ఉండావు?" అంటాడు మా ఆయన. చెరకు తోట ఉందేమోనని, అంటాను. పాపం, ఆయనా తొంగి చూస్తాడు.