చెవి రక్తం

పశువుల ఆసుపత్రిలో అన్నమ్మ చేసిన పనికి కాగితం మీద సరైన పేరు కూడా లేదు. ఊడవడం, కడగడం, నీళ్లు మోయడం. పర్మినెంటు కాదు. రేపు రావద్దంటే ఎల్లుండి అడిగే దిక్కు లేని ఉద్యోగం. అయినా రేపల్లె నుంచి పెనుమూడి రేవుకు పోయే దారిలో ఉన్న ఆ ఊళ్లో పదేళ్ల పాటు గొడ్ల ఆసుపత్రి అంటే జనానికి గుర్తొచ్చింది అన్నమ్మే.

రెండు గదులు, ఒక వసారా. వసారా ముందు పశువును కదలకుండా నిలబెట్టే ఇనప గొట్టాల చట్రం. లోపల సూదులు మరగబెట్టే స్టవ్వు, ఒక థర్మామీటరు, కరెంటు ఉన్నప్పుడు మాత్రం చల్లబడే ఫ్రిజ్జు, కోడెలకు విత్తులు నొక్కే పటకారు, చెక్క అలమరలో మందు సీసాలు, ఒక మైక్రోస్కోపు. ఎనభై ఒకటిలో అన్నమ్మ చేరేనాటికి ఉన్నవి ఇవే. తొంభైలోనూ ఇవే.

అన్నమ్మది అదే ఊరి చివర మాదిగపల్లె. లూథరన్ మిషను బళ్లో ఐదు దాకా చదివింది. భర్త ఏసుపాదం కూలికి పోయేవాడు. ఆమె చేరినప్పుడు డాక్టరు బసవేశ్వరరావు గారు ఊళ్లోనే అద్దెకు ఉండేవాడు. జబ్బు చేసిన పశువు రక్తం చుక్క తీసి గాజు పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూడనిదే ఆయన మందు రాసేవాడు కాదు. ఆ గాజు పలకలు రెండేళ్లకోసారి డజను వచ్చేవి. వాటినే సోడా నీళ్లలో ఉడికించి, కడిగి, తుడిచి మళ్లీ మళ్లీ వాడాలి. అది అన్నమ్మ పని.

ఎనభై నాలుగులో ఒకరోజు చచ్చిన గేదె చెవి నుంచి తీసిన రక్తం పలకను ఆమె మామూలుగా సోడా నీళ్లలో వేయబోతుంటే ఆయన ఆపాడు.

"అది కడిగేది కాదు అన్నమ్మా. నిప్పుల్లో వేసేది. ఎందుకో తెలుసా?"

"మీరు చెబితే తెలుస్తదండి."

"చెబితే తెలీదు. రా, చూడు."

"నా కన్ను పెట్టొచ్చాండి దానికి?"

"నాకున్నలాంటి కన్నేగా నీకూ ఉంది."

ఆమె వంగి చూసింది. ముందు తన రెప్పలే కనబడ్డాయి. ఆయన చెప్పినట్టు మర తిప్పితే, కోసిన చెరుకు ముక్కలు వరసగా పేర్చినట్టు నీలం కడ్డీలు తేలాయి. ఒక్కో వరస చుట్టూ లేత గులాబీ పొర. దాని పేరు దొమ్మ అని చెప్పాడాయన. పాలిచ్చిన గేదె తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. ముక్కులోంచి వచ్చిన రక్తం గడ్డ కట్టదు. ఆ గొడ్డును కోసిన చేతికి చిన్న గాటు ఉన్నా నల్లటి పుండు లేస్తుంది, ప్రాణం తీస్తుంది. తోలు తీయకూడదు, కత్తి పెట్టకూడదు, నిలువు లోతున సున్నం వేసి పూడ్చాలి. చివర ఒక మాట అన్నాడు. "పాము కరిచినా గేదె ఇట్లాగే పోతుంది. గొంతువాపొచ్చినా పోతుంది. అద్దంలో చూడకుండా పేరు పెట్టకూడదు."

తర్వాత మూడేళ్లలో అన్నమ్మ రక్తం పూయడం, రంగు వేయడం, నూనె చుక్క వేసి మర తిప్పడం నేర్చుకుంది. ఆయన క్యాంపుకు పోయి వచ్చేసరికి పలక సిద్ధంగా ఉండేది. ఈ సంగతి ఏ రిజిస్టరులోనూ లేదు. ఊడ్చే మనిషికి చదువొస్తే రాయడానికి మన ఆఫీసుల్లో గడి ఉండదు.

ఎనభై ఏడులో ఆయనకు తెనాలి పెద్ద ఆసుపత్రికి బదిలీ అయింది. కొత్త డాక్టరు కాపురం కూడా తెనాల్లోనే. మంగళవారం, శుక్రవారం రైల్లో వచ్చి సాయంత్రం రైలుకు వెళ్లేవాడు. వచ్చిన మొదటి రోజే సామాన్ల జాబితా సరిచూసుకుని, మైక్రోస్కోపును ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"రోజూ వాడేదండి అది" అంది అన్నమ్మ.

"లెన్సు పగిలితే నా జీతంలో కోస్తారు. నీ జీతంలో కొయ్యరుగా."

ఆయన దుర్మార్గుడేమీ కాదు. రూలు అట్లా ఉంది. వస్తువును వాడి పాడు చేసినవాడికి శిక్ష ఉంది, వాడకుండా పాడు చేసినవాడికి లేదు. అప్పట్నుంచి ఆ ఊళ్లో జబ్బును పోల్చుకోవడానికి మిగిలింది థర్మామీటరు, డాక్టరు గారి అంచనా. అంచనా కూడా వారానికి రెండు రోజులే.

తొంభై మే నెల తుఫాను పల్లెలో ఒక్క ఇంటి కప్పునూ మిగల్చలేదు. పొలాల్లో ఉప్పునీళ్లు నిలిచాయి. కూలి పని లేదు. చచ్చిన గొడ్లను ఈడ్చి పూడ్చే పని మాత్రం వచ్చింది, అది పల్లెకే వచ్చింది. జూన్ మొదటి వానలు పడ్డాక ఒక బుధవారం తెల్లవారుజామున వీరరాఘవయ్య అనే పెద్దరైతు దొడ్లో పాడిగేదె చచ్చిపడింది. రాత్రి పాలిచ్చిన గేదె.

చచ్చిన గొడ్డు ఆ ఇంట్లో పాలేరుగా చేసేవాడిది అనేది ఆ ఊరి కట్టుబాటు. తోలు, మాంసం అతను తీసుకుని పల్లెలో పంచాలి. పాలేరు ఏసుపాదం తమ్ముడు లూకా, అన్నమ్మకు మరిది. చర్చిలో సంఘపెద్ద. చచ్చిన గొడ్డు మాంసం ఇక ముట్టకూడదని ఆ ఏడు ఈస్టరుకు ముందు శ్రమదినాల్లో పాదిరిగారు సంఘం చేత తీర్మానం చేయించినప్పుడు ముందుగా చెయ్యెత్తింది లూకాయే. అప్పటికి తుఫాను రాలేదు.

కబురు విని అన్నమ్మ వెళ్లేసరికి గేదె పొట్ట ఉబ్బి ఉంది. ముక్కు కింద రక్తం మడుగు కట్టి, గడ్డ కట్టకుండా నల్లగా పారుతోంది. ఆమె చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, చెవి కొసన బ్లేడుతో గీసి, రెండు పలకల మీద రక్తం పూసింది.

"ఏమే అన్నమ్మా, చచ్చినదానికి వైద్యం చేస్తన్నావా?" అన్నాడు వీరరాఘవయ్య.

"దీన్ని కొయ్యనీకండి బాబూ. సారు చూసేదాకా."

"మీ సారొచ్చేది శుక్కురారం. అందాకా ఈ వాసన పీల్చుకుంటా కూచోనా నేను?"

"తెనాలి పోయి పాత సారుకు చూపించుకొస్తానండి. పొద్దు గూకేలోపల చెప్తాను."

అప్పటికే లూకా మోకులు భుజాన వేసుకుని వచ్చాడు. వెనక అతని భార్య సారా, పక్కింటి బర్నబాస్.

"కొయ్యొద్దు లూకా" అంది అన్నమ్మ.

"ఏం?"

"నేనొచ్చేదాకా ఆగు. అంతే."

లూకా నవ్వాడు. "పాదిరిగారు పంపించాడా నిన్ను? తుఫాన్లో కుళ్లినయ్యి ఈడ్చమన్నప్పుడు మన పరిశుద్ధత ఎవరికీ గుర్తు రాలా. ఇయ్యాల పద్నాలుగు పొయ్యిలు రాజుకుంటాయనేసరికి గుర్తొచ్చిందా?"

"అది కాదయ్యా."

"మరేంటి? ఆసుపత్రి గచ్చు మీద తిరిగి నీ కాళ్లు మెత్తబడ్డయ్యి వదినా. మావి ఇంకా బురదలోనే ఉన్నాయి."

దొమ్మ అన్న మాట అప్పుడు అనొచ్చు. అనలేదు. ఆమె అద్దంలో చూడలేదు. చూసే పరికరం రెండు వీధుల అవతల తాళం లోపల ఉంది. తీరా దొమ్మ కాకపోతే? ఊడ్చే మనిషి ఊరినిండా పుకారు పుట్టించిందంటారు. సాయంత్రానికి తేలిపోతుంది కదా అనుకుంది. పలకలను వార్తాపత్రికలో చుట్టుకుని రేపల్లె పోయి తెనాలి రైలెక్కింది.

తెనాల్లో బసవేశ్వరరావు గారు పలకకు రంగు వేసి చాలాసేపు చూశాడు. పక్కకు జరిగాడు. ఆమె చూసింది. చెరుకు ముక్కల వరసలు.

"ఎవరూ ముట్టుకోలేదుగా?"

"ఆగమన్నానండి."

"పేరు చెప్పావా?"

"చూడకుండా పెట్టకూడదన్నారుగా సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అది డాక్టర్లకు చెప్పే మాట అన్నమ్మా. నీకట్లా చెప్పకుండా ఉండాల్సింది." ఆయన రెండు ఉత్తరాలు రాసిచ్చాడు. ఒకటి కొత్త డాక్టరుకి, రెండోది రేపల్లె ఆసుపత్రికి. కోసినవాళ్లుంటే వెంటనే పెన్సిలిన్ సూదులు మొదలుపెట్టాలని.

ఆమె తిరిగొచ్చేసరికి లూకా ఇంటి ముందు తోలు ఆరేసి ఉంది. మాంసం పద్నాలుగిళ్లకు పంచారు, కొన్ని కుండలు పొయ్యి దిగాయి కూడా. అప్పుడు చెప్పింది పేరు. ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. కుండలు తిరగేశారు, తోలు తగలబెట్టారు. కోసింది ముగ్గురు. లూకా, సారా, బర్నబాస్. మర్నాడు పొద్దున సారా, బర్నబాస్ ఆమె వెంట రేపల్లె బయల్దేరారు. లూకా కదల్లేదు.

"ఆదివారం చర్చిలో ప్రభు భోజనం" అన్నాడు. "సూది ఎందుకేయించుకున్నావని పది మందీ అడుగుతారు. చెయ్యెత్తినవాణ్ణి నేను. బల్ల దగ్గరికి ఏ మొహంతో పోను?"

"ఊరందరికీ తెలిసిందే కదయ్యా."

"పల్లెకి తెలుసు. పాదిరిగారికి తెలవదు. ఆయనుండేది రేపల్లెలో."

"నీ చెయ్యి చూపించు."

"కందిరీగ కుట్టినట్టుందంతే. నొప్పి కూడా లేదు."

"నొప్పి లేకపోవడమే దాని గుర్తు లూకా. నే చెప్పేది విను."

"నిన్న చెప్పాల్సింది వదినా. నిన్న నువ్వు ఆగమన్నావు, ఎందుకో చెప్పలా. ఇయ్యాల చెబితే నాకు దారేది? సోమారం వస్తాలే."

ఏసుపాదం తమ్ముడి చెయ్యి పట్టుకు లాగినా లేవలేదు. అన్నమ్మ శుక్రవారం, శనివారం వెళ్లి అడిగింది. ఆదివారం లూకా పొడుగు చేతుల చొక్కా వేసుకుని చర్చికి వెళ్లాడు. మోకాళ్లేసి రొట్టె తీసుకున్నాడు. సాయంత్రానికి వాపు భుజం దాటి మెడకెక్కింది. సోమవారం రేపల్లె, అక్కడ్నుంచి తెనాలి. మంగళవారం మధ్యాహ్నం పోయాడు. ముప్పై ఆరేళ్లు. సమాధి దగ్గర సంగతంతా విన్న పాదిరిగారు ప్రార్థన మధ్యలో ఆపేసి నేల మీద కూర్చున్నాడు.

జులైలో విచారణకు జీపులో ఒక అధికారి వచ్చాడు. వసారాలో కుర్చీ వేయించుకుని అన్నమ్మను నిలబెట్టి అడిగాడు.

"చెవి రక్తం తీయమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. తీయాలని తెలుసు."

"నీ డ్యూటీ ఏంటి?"

"ఊడవడం అండి."

"మరి?"

"నేను చేసిన తప్పు ఒకటుందండి, రాసుకోండి. జబ్బు పేరు పొద్దున్నే చెప్పాల్సింది, చెప్పలా. చూసి చెబుదామనుకున్నా. చూసేది ఆ బీరువాలో ఉంది. మూడేళ్ల నుంచి తాళం తియ్యలేదు. అది కూడా రాయండి."

అధికారి మొదటిది రాసుకున్నాడు. రెండోది రాయలేదు. మర్నాటి నుంచి రావద్దన్నారు. ఆమె పొలం పనులకు పోయింది. బీరువా తాళం అలాగే ఉంది. ఒక మనిషి చచ్చిపోతే ప్రభుత్వం చేసిన మార్పు ఊడ్చే మనిషిని మార్చడం.

తొంభై మూడు వానల్లో మళ్లీ వీరరాఘవయ్య దొడ్లోనే ఎద్దు చచ్చింది. ఈసారి మోకులు పట్టుకుని ఎవరూ రాలేదు. పల్లె మగవాళ్లు పలుగులు, పారలు పట్టుకుని తిన్నగా పశువుల ఆసుపత్రి వసారాలోకి పోయి కూర్చున్నారు. సారా, అన్నమ్మ కూడా వాళ్లతో ఉన్నారు. కబురందుకుని వీరరాఘవయ్య వచ్చాడు.

"ఏంట్రా ఇక్కడ పంచాయితీ? ఈడ్చకపోతే నేను ఈడ్చుకోవాలా?"

"మీ ఇష్టం బాబూ" అన్నాడు బర్నబాస్. "అద్దంలో చూసి చెప్పిందాకా మేం చెయ్యి పెట్టం. మా లూకా చెయ్యి పెట్టిన లెక్క ఇంకా తేలలేదు."

ఆ రోజు మంగళవారం. డాక్టరు పది గంటల రైలుకు దిగి వచ్చి, వసారా నిండా జనాన్ని చూసి గుమ్మంలోనే ఆగాడు. విషయం విన్నాక వాదించలేదు. ఎద్దు చెవి నుంచి రక్తం తీసుకొచ్చాడు. బీరువా తాళం తీయడానికి చాలాసేపు పట్టింది. ప్లాస్టిక్ సంచి విప్పితే బూజు వాసన కొట్టింది. పలక పెట్టి, మర తిప్పి, కన్ను పెట్టి, తీసి, లెన్సు తుడిచి, మళ్లీ పెట్టాడు. డెల్టా తేమలో ఆరేళ్లు మూసిపెట్టిన గాజుకు లోపలి నుంచి బూజు పట్టింది.

"ఏమీ కనబట్టంలేదు" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

అందరూ అన్నమ్మ వైపు తిరిగారు. ఆమె లేచింది.

"దొమ్మే. పూడ్చండి."

"నువ్వు చూశావా?" అన్నాడు వీరరాఘవయ్య.

"లేదండి. చూసే వీల్లేకుండా చేశారు. దొమ్మ కాకపోతే మాకొక తోలు పోతుంది. అయితే మాకొక మనిషి పోతాడు. సున్నం బస్తాలు మీరు తెప్పించండి."

ఆయన డాక్టరు వైపు చూశాడు. డాక్టరు తల ఊపాడు.

కాలవగట్టు అవతల గొయ్యి తవ్వారు. మధ్యాహ్నం దాకా పట్టింది. తవ్వేవాళ్ల తలలు గట్టు మీది వాళ్లకు కనబడకుండా పోయేదాకా అన్నమ్మ చాలనలేదు. చేతులకు సంచులు చుట్టుకుని ఎద్దును దొర్లించారు, ఎక్కడా కత్తి తగలకుండా. సారా సున్నం తట్ట ఎత్తి పోసింది. తెల్లటి పొడి ఎద్దు కొమ్ముల మీద పడింది.

"చాలా అక్కా?" అంది.

"ఇంకా పొయ్యి" అంది అన్నమ్మ.