సున్నం చుక్క దాటని గొంతు

ఆ రోజు మంగళవారం. పొద్దున్న సత్యవతి అర గ్లాసు కాఫీ తాగింది. మంచం పక్కన స్టూళ్ల మీదున్న చిన్న స్పీకర్లలో వార్తలు పెట్టమంది. పెట్టాను. బాగా తగ్గించమంది. తగ్గించాను.

"ఏటన్నాడో సెప్పు బావా," అంది. చెప్పాను. వైర్లు రెండో జత స్పీకర్లకి మార్చమంది. అవి కాస్త పెద్దవి. మళ్లీ అదే ప్రశ్న. ఈసారి చెప్పలేకపోయాను. "సిన్నవే ఉంచు," అని అటు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం గంజి తాగిద్దామని లేపితే లేవలేదు.

సత్యవతి నా భార్య. మా మేనమామ కూతురు.

మా చిన్నప్పుడు... డెబ్బైల్లో... వైజాగ్ పోర్టు దగ్గర క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్న పోర్టులో క్రేన్ నడిపేవాడు. నైట్ డ్యూటీ వారాల్లో పొద్దున్నే వచ్చి, చద్దన్నం తిని పడుకునేవాడు. గుమ్మానికి ఎర్ర తువ్వాలు వేలాడుతుంటే లోపల నైట్ డ్యూటీ మనిషి నిద్రపోతున్నట్టు. ఆ వాకిట్లో ఎవరూ గోళీలాడరు... సైకిల్ బెల్లు కొట్టరు... చేపలమ్మే ఆమె కూడా కేక ఆపేసి, తట్ట పట్టుకుని దాటిపోయేది.

"నిద్ర సాలని డ్రైవరు క్రేను కిందే మనుసులు నిలబడతార్రా," అనేది అమ్మ. అందుకే నాయనమ్మ తమలపాకుల పళ్లెంలోంచి సున్నం తీసి రేడియో నాబ్ పక్కన ఒక చుక్క పెట్టింది. నాన్న పడుకున్నప్పుడు ఆ చుక్క దాటకూడదు.

చెవులు రేడియోకి ఆనించి వినేవాళ్లం. పక్క క్వార్టర్ మేనమామది. సత్యవతి తల ఒక పక్క, నా తల ఒక పక్క. నాకు చెవి కారేది. దరువు తెలిసేది... మాట తెలిసేది కాదు. "ఏటన్నాడు?" అని అడిగేవాణ్ణి. ఆమె చెప్పేది.

ఒకసారి స్పీకరు అట్ట చిరిగి బరబరమనడం మొదలుపెట్టింది. మాట తెలియాలంటే చుక్క దాటించాలి. దాటిస్తే నాన్న లేచిపోతున్నాడు. ఎర్రటి కళ్లతో డ్యూటీకి వెళ్లడం చూసి అమ్మ రేడియోని సంచిలో పెట్టుకుని, మా ఇద్దరినీ వెంటేసుకుని, వన్‌టౌన్‌లో రిపేరు కొట్టుకి నడిచింది.

కొట్టతను పెద్ద స్పీకరు తగిలించి మోత పెంచాడు. బల్ల మీద మరమేకులు గెంతాయి.

"సూడమ్మా, ఈధి సివరదాకా ఇనపడుద్ది."

"ఈధికెందుకు బాబూ. తగ్గించు."

తగ్గించాడు.

"ఇంకా."

"ఇంకా తగ్గిత్తే నోరు మూసేసినట్టేనమ్మా."

"మూయకుండా ఎంత తగ్గుద్దో అంత తగ్గించు."

రేడియోలో వార్తలు వస్తున్నాయి. అమ్మ నన్ను మూరెడు దూరంలో నిలబెట్టింది. "ఏటన్నాడో సెప్పు."

గొణుగుడు తప్ప ఏమీ తెలియలేదు. సత్యవతి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేసింది.

"నిన్నడగనేదే. నువ్వు సీమ నడిసినా ఇంటావు. ఆడికి ఇనపడితే అందరికీ ఇనపడినట్టే."

"బావ సెవికి స్పీకరు సాలదత్తా, బాకా కావాల," అంది సత్యవతి.

రెండోదీ అంతే. మూడోది అరచేయంత ఉంది, కోలగా. "అదొద్దమ్మా, దానికి దరువు రాదు," అన్నాడతను. అమ్మ తగిలించమంది.

వార్తలు చివరికొచ్చాయి. వేటకు వెళ్లొద్దని జాలర్లకు హెచ్చరిక... మాటకి మాట విడిగా, ఎవరో ఎదురుగా కూర్చుని చెప్పినట్టు. మొత్తం అప్పజెప్పాను. అమ్మ నవ్వలేదు. "ఇదే బిగించు బాబూ," అంది. ఆ తర్వాత రేడియో వల్ల నాన్న నిద్ర చెడలేదు.

ఎనభైల్లో మా పెళ్లయింది. గాజువాకలో రెండు గదుల అద్దె ఇల్లు. నాకు మిల్లులో ఉద్యోగం. బోనస్ రాగానే టేప్‌రికార్డరు, నడుమెత్తు స్పీకరు పెట్టెలు కొన్నాను. దరువుకి కిటికీ ఊచలు మోగేవి. ఆమె వద్దనలేదు. పక్కన కూర్చుని పాటలో మాటలు చెప్పేది.

నా వినికిడిలో మిగిలినదాన్ని మిల్లు మోత కొంత తీసుకుంది. వార్తలు, ఫోన్లు, బంధువుల మాటలు... అన్నీ ఆమె గొంతులోనే విన్నాను. మొన్న ఆమె గుండె గురించి డాక్టరు చెప్పింది కూడా ఆమే నాకు చెప్పింది. కొంత తగ్గించి చెప్పిందని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఆస్పత్రి నుంచి వచ్చాక చిన్న స్పీకర్లు కావాలంది. చేతికందే దూరంలో పెట్టుకుని, మెల్లగా వినేవి. షాపతను రెండు జతలిచ్చి, విని ఒకటి వెనక్కి తెమ్మన్నాడు. నేను చదివిందంతా ఆమెకు చెప్పాను... పెద్ద జతలో దరువు బాగుంటుంది, చిన్న జతలో మిడ్‌రేంజ్ బాగుంటుంది, మనిషి గొంతు ఉండేది అక్కడే అని. నాకు పెద్దవే నచ్చాయి.

ఆమె వాదించలేదు. స్టూళ్లు గోడకి జానెడు ఎడంగా జరిపించింది. స్పీకర్ల ముఖాలు కాస్త లోపలికి తిప్పించింది. కింద పుస్తకాలు పెట్టించి ఎత్తు సరిచేయించింది. మంచం మీద పడుకున్న మనిషి చెవికి ఆ ఎత్తు కుదరదు. పక్కన కుర్చీలో కూర్చునే నా చెవికి కుదురుతుంది. అది నేను ఆమె పోయాక గమనించాను.

ఇప్పుడు ఎవరి చెవిలో వాళ్ల ఇయర్‌ఫోన్లు... "ఏటన్నాడు?" అని పక్క మనిషిని అడిగే పని లేదు. మీ ఇళ్లలో డ్యూటీ మనిషి పడుకున్నప్పుడు చప్పుడుకి హద్దు ఎలా పెట్టేవాళ్లు? రాయండి. రాసింది చదువుకోగలను.

రేపు ఉదయం పెద్ద జత షాపులో ఇచ్చేస్తాను. వచ్చేటప్పుడు కిళ్లీ బడ్డీ దగ్గర ఆగి, వేలి కొనకి కాస్త సున్నం అడుగుతాను.